ఊపిరి దాకా

కోమలి బంగారుపాళ్యం పక్కన ఒక ఊరి హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేది. శ్వాసక్రియ పాఠం వచ్చిందంటే ముందురోజే మటన్ అంగడిలో చెప్పిపెట్టి మేక ఊపిరితిత్తులు తెప్పించుకొనేది. వాటిని కవర్లో వేసుకొని బస్సెక్కి పోయి, బొప్పాయి ఆకు కాడను గాలిగొట్టంలో దూర్చి పిల్లల చేత ఊదించేది. నల్లగా ముడుచుకొని ఉన్న ముద్ద ఎర్రగా, తేలిగ్గా ఉబ్బి లేస్తుంటే తరగతి మొత్తం బెంచీలెక్కి చూసేది.

ఆమె భర్త మునిచంద్ర ఇంటర్ తప్పినప్పటి నుంచి తండ్రి వరదయ్యతో కలిసి మామిడితోట చూసుకుంటున్నాడు. బేనీషా కొంత, తోతాపురి ఎక్కువ. భార్య చనిపోయాక వరదయ్యకు కోడలే మాటతోడు. ఆయన చదివింది మూడో తరగతి. అయినా సాయంత్రం కోమలి బడి నుంచి రాగానే ఈ పొద్దు ఏ భాగం చెప్పినావమ్మణ్ణీ అని అడిగేవాడు. గుండెకు నాలుగు గదులుంటాయని, పేగును విప్పి పరిస్తే ఇంటి పొడుగు ఉంటుందని ఆమె చెబుతుంటే వక్క నమలడం ఆపి వినేవాడు. మరుసటి రోజు అవే సంగతులు తోటలో కూలీలకు చెప్పేవాడు. కొన్ని తప్పుగా చెప్పేవాడు.

వేసవి సెలవుల్లో జరిగిందది. కాయ ఊరుతోంది, కోతకు ముందు చెట్ల కింద గడ్డి చంపాలి. మునిచంద్ర గడ్డిమందు క్యాన్ తెచ్చి ఉదయం నుంచి కొడుతున్నాడు. పక్క తోట గురప్ప తన గట్టుకు కొంచెం కావాలని అడిగి పోయాడు. వరదయ్య క్యాన్లోంచి కాస్త వంచి, షెడ్డులో పడి ఉన్న ఖాళీ కూల్‌డ్రింకు బాటిల్లో పోసి, మూత బిగించి, ఎండ తగలకుండా నీళ్ళకుండ పక్కన గోడవారగా పెట్టాడు. గురప్ప రాలేదు. కోర్టు వాయిదా ఉందని గుర్తొచ్చి చిత్తూరికి బస్సెక్కాడు. వరదయ్య మోటారు దగ్గరికి పోయి, ఆ సంగతే మరిచాడు.

మధ్యాహ్నం కోమలి క్యారియర్ తీసుకొని కూతురు లోహితతో తోటకు వచ్చింది. లోహితకు తొమ్మిదేళ్ళు. ఎండకు ముఖం కందిపోయి, షెడ్డులోకి రాగానే ఆ పిల్ల కళ్ళు బాటిల్ మీద పడ్డాయి. ముందురోజు తాము తెచ్చుకొని సగం తాగి వదిలిన డ్రింకుదీ అలాంటి బాటిలే. రంగు కూడా అదే నలుపు. నాకియ్యమ్మా అని అడిగింది. పాతది, పాడై ఉంటుందేమో చూసి ఇస్తానని కోమలి మూత తీసి ముందు తానొక గుక్క నోట్లో పోసుకుంది.

నోరు భగ్గుమంది. చాలామటుకు ఉమ్మేసింది. కొంత గొంతు దిగిపోయింది. బాటిల్‌ను దూరంగా విసిరి, పాపను తోసేసి, గోడ పట్టుకొని వాంతి చేసుకుంది. నేల మీద పచ్చటి నురగ. మునిచంద్ర పరుగెత్తుకొచ్చేసరికి ఆమె నీళ్ళతో నోరు పుక్కిలిస్తోంది. బాటిల్‌ను పాప తాకకుండా చూడమని, ముందు పాప చేతులు కడగమని చెప్పింది.

మందు బాటిల్లో పోసింది తానేనని వరదయ్య బండి దగ్గర వాళ్ళిద్దరికీ చెప్పాడు. మునిచంద్ర ఆమెను బండి మీద చిత్తూరు ఆసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడ పొట్ట కడిగి, బొగ్గుపొడి కలిపిన నీళ్ళు తాగించి, వెంటనే అంబులెన్స్‌లో తిరుపతికి పంపించారు. పూతలపట్టు దాటాక ఆమె కాస్త తేరుకొని, ఫోన్ తీసుకొని హెడ్మాస్టరుతో మాట్లాడింది. పదో తరగతి పిల్లల సర్టిఫికెట్ల పనికి రెండు రోజులు రాలేనని, కడుపులో బాగాలేదని చెప్పింది. చంద్రగిరి కోట కొండలు కనిపించేసరికి ఆకలి కూడా వేస్తోందంది. మునిచంద్రకు ప్రాణం కుదుటపడింది.

తిరుపతి ఆసుపత్రిలో చూసిన డాక్టరు వయసులో చిన్నవాడు. ఏం తాగారు, ఎంత తాగారు అని అడిగాడు. మునిచంద్ర మందు పేరు చెప్పగానే అతని చేయి ఆగింది. కోమలిని ఇంకేమీ అడగలేదు. సెలైన్ పెట్టించి, రక్తం తీయించి, మునిచంద్రను బయటి వరండాలోకి పిలిచాడు.

ఈ మందుకు విరుగుడు లేదన్నాడు డాక్టరు. ఉన్న వైద్యం చేస్తామని, అయితే ఆశ పెట్టుకోవద్దని చెప్పాడు. మునిచంద్ర తలుపు సందులోంచి లోపలికి చూశాడు. కోమలి మంచం మీద కూర్చొని జడ విప్పి మళ్ళీ అల్లుకుంటోంది.

"బాగుండాది కదా సార్," అన్నాడు.

"ఈ రోజు బాగుంటుంది, రేపు కూడా మాట్లాడుతుంది," అన్నాడు డాక్టరు. "ముందు నోరు, గొంతు పుండవుతాయి. తరువాత కిడ్నీలు, లివరు. చివరికి ఊపిరితిత్తులు. ఈ మందును అవి తమకు పనికొచ్చే పదార్థమని పొరబడి లోపలికి లాక్కుంటాయి. రక్తంలోంచి మేము ఎంత తీసేసినా అవి లాక్కుంటూనే ఉంటాయి. తెలివి మాత్రం ఆఖరిదాకా ఉంటుంది."

మునిచంద్రకు ఆ మాటలు వినిపించాయే కాని లోపలికి పోలేదు. గది లోపలికి వచ్చాడు. ఏం చెప్పినాడని కోమలి అడిగితే, నాలుగు దినాలుండి పొమ్మన్నాడని చెప్పాడు.

విషం కేసు కాబట్టి మరునాడు పోలీసు వచ్చి ఆమె చెప్పింది రాసుకున్నాడు. అప్పటికి ఆమెకు నాలుక మంట తప్ప వేరే బాధ లేదు. మందు బాటిల్లో పోసిపెట్టింది ఎవరని అతను అడిగాడు. కోమలి మామ పేరు ఎత్తలేదు. తానే పోసిపెట్టి మరిచిపోయానని చెప్పింది. పోలీసు వెళ్ళాక మునిచంద్ర ఎందుకట్లా చెప్పావని అడిగాడు.

"మామను స్టేషన్ చుట్టూ తిప్పమంటావా ఈ వయసులో?" అంది. "నాలుగు దినాల్లో ఇంటికి పోతాం. ఎవురు పోస్తే ఏమి?"

ఆమె నమ్ముతున్న నాలుగు దినాలు తానే ఇచ్చినవి. ఆ సంగతి మునిచంద్రకు అప్పుడు తట్టింది. వద్దు, నిజం చెప్పు, నీకు టైం లేదు అని చెప్పాలంటే ముందు ఆ చివరి మాట చెప్పాలి. అది అతని వల్ల కాలేదు.

వరదయ్య ఆ సాయంత్రమే తిరుపతి వచ్చాడు కాని లోపలికి రాలేదు. లిఫ్ట్ పక్కన నేల మీద కూర్చొని ఉండిపోయాడు. ఆ సంగతి తెలిసి కోమలి పిలిపించింది. ఆయన మంచం కాళ్ళ వైపు నిలబడ్డాడు.

"మీరు నోరెత్తొద్దు మామా," అంది. "చెప్పాల్సింది నేను చెప్పేసినాను. సుమ్మా ఊరికే మనసులో పెట్టుకోవద్దు. నాకేం కాలేదు, చూడండి."

ఆయన తల ఊపాడు. కోడలి పాదం మీద చేయి పెట్టి, వెంటనే తీసేసి, బయటికి వచ్చి మళ్ళీ లిఫ్ట్ పక్కనే కూర్చున్నాడు.

కోమలి తల్లి కుప్పమ్మ, తమ్ముడు ధనశేఖర్ చిత్తూరు నుంచి వచ్చారు. ధనశేఖర్ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. అక్క చదివించగా చదువుకున్నవాడు. అక్క పోలీసుకు ఏం చెప్పిందో కనుక్కున్నాడు. ఆ మాట అతనికి మింగుడుపడలేదు. అన్నీ తెలిసిన టీచరు విషాన్ని కూల్‌డ్రింకు బాటిల్లో పోసి, పిల్ల తిరిగే చోట పెట్టి, మళ్ళీ తానే తాగుతుందా? మరిచి తాగిందంటే ఎవరు నమ్ముతారు? తెలిసే తాగిందంటే ఎందుకు తాగింది? అతను ఆ ప్రశ్నలు మొదట తల్లితో అన్నాడు. తరువాత మునిచంద్ర వినేలా అన్నాడు. ఇంట్లో ఏదో జరిగింది బావా, చెప్పు అని అడిగాడు. ఏమీ జరగలేదని మునిచంద్ర చెప్పాడు. తన తండ్రి పేరు మాత్రం చెప్పలేదు. ధనశేఖర్ కోపం చూస్తే చెప్పడానికి భయమేసింది.

ఆ తరువాత కోమలి నాలుక మీద తెల్లటి పొర కట్టి ఊడసాగింది. గొంతు లోపలంతా అట్లాగే ఉందన్నారు. నీళ్ళు మింగాలన్నా కళ్ళు గట్టిగా మూసుకొని మింగేది. మూత్రం సంచి మంచానికి వేలాడుతూ ఉండేది. ఇంటివాళ్ళు ఎవరూ దాని వైపు చూడలేదు. కోమలి చూసేది. పొద్దున చూసి, మధ్యాహ్నం చూసి, సాయంత్రానికీ అది నిండకపోతే నర్సును పిలిచింది.

ఆ నర్సు పేరు నిస్సీ. పులికాట్ ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ ఊరినుంచి వచ్చి తిరుపతిలో హాస్టల్లో ఉండి పనిచేస్తోంది. కోమలిని మేడమ్ అని పిలిచేది. కిడ్నీల పరీక్షలో క్రియాటినిన్ ఎంతుందని కోమలి అడిగింది. డాక్టరునడిగి చెప్తానంది నిస్సీ. కోమలి ఆమె చేయి వదల్లేదు. చివరికి నిస్సీ అంకె చెప్పింది. కోమలి ఆ అంకె విని చేయి వదిలేసింది. ఇక ఏమీ అడగలేదు.

మునిచంద్ర లోపలికి వచ్చేసరికి ఆమె గోడ వైపు చూస్తోంది. అటే చూస్తూ మాట్లాడింది. నాలుక పుండు వల్ల మాటలు ముద్దగా వస్తున్నాయి.

"బావా, డాక్టరు మొదటి దినం నీకు నిజంగా ఏం చెప్పినాడు?"

"తగ్గిపోతాదన్నాడు. టైం పడతాదంట."

ఆమె ఇటు తిరిగి అతని ముఖాన్ని చాలాసేపు చూసింది. మునిచంద్ర చూపు తిప్పుకోలేదు. తిప్పుకుంటే తెలిసిపోతుందని భయం.

"సరే," అంది.

అప్పటి నుంచి ఆమె అతన్ని ఆ ప్రశ్న అడగలేదు. ఆమెకు తెలుసని అతనికి తెలుసు. తెలిసీ తన అబద్ధాన్ని తన కోసమే మోస్తోందని కూడా తెలుసు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చొని, లోహితను వచ్చే ఏడు ఏ బడిలో వేయాలో మాట్లాడుకున్నారు.

డయాలసిస్ మొదలైంది. యంత్రం పక్కన కూర్చుంటే మునిచంద్రకు ఇంటి వసారాలో ఆమె పిల్లలకు ట్యూషన్ చెప్పిన మాటలు చెవిలో మోగేవి. మూత్రపిండం మొదట మంచీ చెడూ అంతా పారబోస్తుంది, తరువాత కావలసింది మళ్ళీ ఏరుకుంటుంది అని చెప్పేది. అప్పుడతను పశువులకు తవుడు కలుపుతూ సగం చెవితో విన్నాడు. ఇప్పుడు ఒక్కొక్క అవయవం పేరూ అది పాడయ్యాకే నేర్చుకుంటున్నాడు. కళ్ళు పచ్చబడిన రోజున లివరు అని ఎవరూ చెప్పకుండానే అర్థమైంది.

లోహితను ఆసుపత్రికి తీసుకురావద్దని కోమలి అంది. తనను ఈ రూపంలో చూస్తే పాప మనసులో ఇదే నిలిచిపోతుందని ఆమె భయం. కాని గొంతు పూర్తిగా పోకముందే ఒకసారి మాట్లాడాలనుకుంది. నిస్సీ ఆమె తల దువ్వి, పౌడర్ అద్ది, దుప్పటి గొంతు దాకా కప్పింది. మునిచంద్ర ఫోన్ పట్టుకున్నాడు. పాప పక్కింటివాళ్ళ ఫోన్లో కనిపించింది.

ఎందుకమ్మా అట్లా మాట్లాడతావని పాప మొదట అడిగింది. ఐసు తిన్నానని కోమలి చెప్పింది. పాప నవ్వలేదు. నెమ్మదిగా అంది.

"అమ్మా, నేనడిగినందుకే కదా నువ్వు తాగింది."

కోమలి తల అడ్డంగా ఊపింది. కాదు అనడానికి నోరు తెరిచింది. గొంతులోంచి గాలి తప్ప మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది, దగ్గు వచ్చింది. నిస్సీ ఫోన్ మీద చేయి అడ్డం పెట్టింది. దగ్గు ఆగేసరికి కాల్ తెగిపోయింది. ఆ తరువాత ఆమె పాపతో మాట్లాడగలిగే స్థితిలో లేదు. మునిచంద్ర బయటికి వచ్చి పాపకు ఫోన్ చేసి, కాదమ్మా, నీ తప్పు కాదు అని చెప్పాడు. ఊఁ అంది పాప. నమ్మిందో లేదో అతనికి తెలియలేదు.

ఊపిరి సంగతి ఒక ఉదయం మొదలైంది. మొదట మెట్లెక్కినట్టు ఎగశ్వాస వచ్చింది. మధ్యాహ్నానికి ముక్కు పుటాలు ఎగిరిపడుతున్నాయి. మెడ నరాలు తేలుతున్నాయి. కోమలి గోడకున్న ఆక్సిజన్ గొట్టం వైపు చూపించింది. మునిచంద్ర నిస్సీ దగ్గరికి పరుగెత్తాడు. ఇప్పుడే పెట్టకూడదని డాక్టరు చెప్పారంది ఆమె.

"ఊపిరాడక కొట్టుకుంటా ఉంటే గొట్టాన్ని పక్కన పెట్టుకొని చూస్తా ఉండేదా?" అన్నాడు మునిచంద్ర. జీవితంలో మొదటిసారి ఒక ఆడమనిషి మీద గొంతు పెంచాడు.

నిస్సీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ మందు ఆక్సిజన్‌తో కలిసే ఊపిరితిత్తులను కాలుస్తుంది అన్నా, ఎక్కువిస్తే అవి ఇంకా బిన్నా, తొందరగా పోతాయి, నాకు మాత్రం పెట్టాలని ఉండదా అంది. మునిచంద్ర వెనక్కి వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. భార్య చేయి పట్టుకున్నాడు. ఆమె అతని ముఖం చూసి గొట్టం వైపు చూపించడం మానేసింది. గాలి నింపి చూపించే పాఠం అన్ని బ్యాచీలకూ చెప్పిన మనిషి. ఎందుకు పెట్టలేదో ఆమెకు అర్థమై ఉండాలి.

ఆ సాయంత్రం తల్లినీ తమ్ముణ్ణీ దగ్గరికి రమ్మని సైగ చేసింది. మునిచంద్ర తల దగ్గర నిలబడ్డాడు. ఆమె ఒక్కొక్క మాటకూ ఊపిరి కూడబెట్టుకుంటోంది.

"అమ్మా... నేను... తెలీక తాగినా. నేను... పోయలేదు."

కుప్పమ్మ ఆమె నుదురు నిమిరింది. "ఇంకా వాళ్ళనే కాపాడతా ఉండావా తల్లీ," అంది. "పోలీసుకు ఒకటి చెప్పినావు, ఈడ ఒకటి చెప్తావు. ఏం కష్టం పెట్టినారో నాకు మాత్రమన్నా చెప్పు."

కోమలి తల ఊపింది, కాదు కాదు అని. తరువాత మునిచంద్ర వైపు చూసింది. ఆ చూపు ఏమడుగుతోందో అతనికి స్పష్టంగా తెలిసింది. మా నాయన పోసినాడు, మరిచిపోయినాడు అని నువ్వు చెప్పు అని అడుగుతోంది. మునిచంద్ర నోరు తెరిచాడు. ధనశేఖర్ పిడికిళ్ళు కనిపించాయి. గాజు తలుపు అవతల, లిఫ్ట్ పక్కన, మోకాళ్ళ మీద తల పెట్టుకొని కూర్చున్న ముసలివాడు కనిపించాడు. అంతలో కోమలికి దగ్గు తెర వచ్చింది. నిస్సీ అందరినీ బయటికి పంపించింది.

రేపు చెబుతానని అనుకున్నాడు. ఆమె ఎదుటే చెబుతాను, ఆమె తల ఊపితే చాలు, నమ్ముతారు అనుకున్నాడు.

మరునాడు అతను క్యాంటీన్ నుంచి వచ్చేసరికి కోమలి ముఖానికి ఆక్సిజన్ మాస్కు ఉంది. ఆమె కళ్ళు మూసుకొని ఉంది. ఛాతీ కాస్త నెమ్మదించింది. కుప్పమ్మ రెండు చేతులూ ఎత్తి కొండ వైపు మొక్కుతోంది. స్వామి కళ్ళు తెరిచినాడు చంద్రా, గాలి పెట్టినారు, ఇంక తిరుక్కుంటాదని చెప్పింది. ధనశేఖర్ కూడా మెత్తబడి, బావా టీ తాగినావా అని అడిగాడు. మునిచంద్ర డాక్టరు కోసం చూశాడు. డాక్టరు దూరంగా నిలబడి అతని వైపే చూస్తున్నాడు. నిన్నటి దాకా ఎందుకు పెట్టలేదో, ఈ రోజు ఎందుకు పెట్టారో ఇంటివాళ్ళలో మునిచంద్ర ఒక్కడికే తెలుసు. ఇక కాపాడటానికి ఏమీ మిగల్లేదు కాబట్టి పెట్టారు. అత్త మొక్కుతూనే ఉంది. అతను పోయి ఆమె పక్కన కూర్చున్నాడు.

కోమలి ఆ తరువాత కళ్ళు తెరిచింది కాని ఎవరినీ చూడలేదు. మంచం పక్కన నిలబడి మునిచంద్ర ఒకసారి ఆమె చెవి దగ్గరికి వంగి, నేను చెప్తాను మే, అందరికీ చెప్తాను అన్నాడు. వినిపించిందనడానికి గుర్తేమీ లేదు. మధ్యాహ్నం ఎండ కిటికీ మీద ఉండగానే ప్రాణం పోయింది.

పోస్టుమార్టం గది ముందు చింతచెట్టు నీడలో అందరూ కూర్చొని ఉన్నప్పుడు వరదయ్య లేచాడు. అన్ని దినాలు లిఫ్ట్ పక్కన కూర్చున్న మనిషి నడవలేక నడుస్తూ కుప్పమ్మ దగ్గరికి వచ్చి కింద కూలబడ్డాడు.

"సెల్లెమ్మా, మందు పోసింది నేను. గురప్పకని పోసి ఆడ పెట్టి మరిసిపోయినా. అమ్మణ్ణి నన్ను కాపాడేదానికి తన మీద వేసుకునింది."

మునిచంద్ర కూడా ముందుకు వచ్చి, అది నిజమేనత్తా అన్నాడు. చెప్పాల్సిన మాట చివరికి నోట్లోంచి వచ్చింది. వచ్చేసరికి దానికి బరువు లేదు.

కుప్పమ్మ ముసలాయన వైపు చూసింది, తరువాత అల్లుడి వైపు చూసింది. ధనశేఖర్ తల్లి భుజం పట్టుకొని లేపాడు. కొడుకు మీదికి కేసు రాకుండా ముసలోడి చేత చెప్పిస్తా ఉండారు, ఇంతకాలం యాడ పోయింది ఈ మాట అని అడిగాడు. నిజంగానే ఇంతకాలం ఆ మాట ఎక్కడా లేదు.

వరదయ్య అంతటితో ఆగలేదు. కర్మలు అయ్యాక తనే పోలీస్ స్టేషన్‌కు పోయాడు. నన్ను లోపల వేయండని అడిగాడు. గురప్పను పిలిపించారు. మందు అడిగిన మాట నిజమేనని, ఎవరు పోశారో చూడలేదని గురప్ప చెప్పాడు. చనిపోయినామె తానే పోసుకున్నానని చెప్పి ఉండగా మీరు చెప్పేది ఎట్లా తీసుకోవాలన్నారు అక్కడివాళ్ళు. మర్యాదగానే మాట్లాడారు. మంచినీళ్ళిచ్చి, ఒక మనిషిని తోడిచ్చి ఇంటికి పంపారు. శిక్ష కోసం పోయినవాడికి ఆ మర్యాద తట్టుకోవడం కష్టమైంది. ఆ రోజు నుంచి ఆయన తోటలో అడుగు పెట్టలేదు. కాయ కోసుకుపోవడానికి వ్యాపారులు వచ్చినా చాప మీద నుంచి లేవలేదు.

లోహితను కుప్పమ్మ చిత్తూరికి తీసుకుపోయింది. ఆడదిక్కు లేని ఇంట్లో పిల్ల వద్దంది. మునిచంద్ర అడ్డం చెప్పలేదు. ఆదివారాలు బస్సెక్కి పోయి చూసి వస్తాడు. అత్త అన్నం పెడుతుంది. తినడం పూర్తయ్యాక, చేయి కడుక్కునే ముందు, ప్రతిసారీ అదే అడుగుతుంది: నా బిడ్డను ఏమన్నావు చంద్రా, అంత పని చేసుకునింది? తిట్టదు, అరవదు. నిజం చెబితే చాలు, ఇంకేమీ చేయను, తల్లిని కదా, తెలుసుకోవాల అంటుంది. అతను జరిగింది జరిగినట్టు చెబుతాడు. ఆమె కంచం తీసుకొని లోపలికి పోతుంది. గడప దగ్గర కూర్చొని హోంవర్కు చేసుకుంటూ లోహిత అంతా వింటుంది. ఆ రోజు షెడ్డులో ఏం జరిగిందని ఎవరడిగినా నోరు విప్పదు. తండ్రి వెళ్ళేటప్పుడు బస్టాండు దాకా వస్తుంది కాని మాట్లాడదు.

అతను ఇల్లు చేరేసరికి వరదయ్య చాప మీద మేలుకొని ఉంటాడు. ఒకటే అడుగుతాడు: నమ్మిందా? లేదు నాయనా అంటాడు మునిచంద్ర. ఆయన గోడ వైపు తిరుగుతాడు.

ఒక ఆదివారం మునిచంద్రకు ఆ మాట అనబుద్ధి కాలేదు. తండ్రి బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. తిండి మానేసి చాలా రోజులైంది. ఈయన కూడా పోతే ఇంట్లో ఇంకెవరూ లేరు.

"నమ్మింది నాయనా," అన్నాడు.

వరదయ్య లేచి కూర్చున్నాడు. కొడుకు ముఖంలోకి చూశాడు. లేచి, గోడ పట్టుకొని నిలబడి, చిలక్కొయ్యకున్న చొక్కా తీసి వేసుకోసాగాడు.

"యాడికి నాయనా?"

"సిత్తూరికి. నమ్మిందంటే ఇంక ఆయమ్మ నన్ను కొట్టినా తిట్టినా కాళ్ళ మింద పడతా. కడపటి బస్సు ఉంటాది కదా."

గుండీలు పెట్టుకోవడానికి వేళ్ళు సహకరించడం లేదు. అయినా పెట్టుకుంటున్నాడు. ఆయన ముఖంలో అన్ని నెలల తరువాత ప్రాణం కనిపించింది. మునిచంద్ర తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. తల దించుకున్నాడు.

వరదయ్య కొడుకు దించుకున్న తల వంక చూశాడు. తరువాత పెట్టుకున్న గుండీలు ఒకటొకటి విప్పి, చొక్కాను మళ్ళీ కొయ్యకు తగిలించి, వచ్చి చాప మీద పడుకున్నాడు.